నలుగురైతే కోరం

మొదటి సోమవారం, మూడో సోమవారం
సాయంత్రం ఆరింటికి తాళం తీసేది నేనే.
హార్బర్ వైపు కిటికీ సరిగా మూసుకోదు.
పెనింగ్ కోవ్ నగర సభకి
అందరికంటే ముందు హాజరయ్యేది చేపల వాసన.

ఏడు కుర్చీలు.
అయిదు వార్డులకి అయిదు, ఊరంతటికీ కలిపి రెండు.
మేయర్‌కంటూ వేరే కుర్చీ లేదు.
జనవరిలో ఏడుగురూ తమలో ఒకర్ని ఎంచుకుంటారు,
ఆ ఒక్కరికీ దక్కేది ఒక కొయ్య సుత్తి,
మా వీధిలో మంచు తీయలేదంటూ అర్ధరాత్రి ఫోన్లు.

మీటింగుకి నలభై డాలర్లు.
మెర్ల్ పింకమ్ ఆ నలభై లైబ్రరీ డబ్బాలో వేసి
రసీదు మాత్రం అడిగి తీసుకుంటాడు.

ఊరు నడిపేది వీళ్లు కాదు, మేనేజరు.
ఏడుగురు కలిసి పెట్టుకున్న జీతగాడు,
నలుగురు చెయ్యెత్తితే ఇంటికెళ్లేవాడు.
ఎందుకు, ఎంత అన్నవి వీళ్లవి,
ఎలా అన్నది అతనిది.
మధ్యన గీత చార్టర్ నాలుగో అధ్యాయంలో ఉంది.
రెండో వార్డు సభ్యురాలు ఒకసారి ఆ గీత దాటి
తన వీధి గుంత పూడ్చమని
తారు పోసేవాడికే నేరుగా చెప్పింది.
అతను పూడ్చాడు.
ఆపైన మూడు మీటింగులు
ఆ పూడ్చిన గుంతనే తవ్వుతూ కూర్చున్నాం.

ఆర్డినెన్సు ఏదైనా రెండుసార్లు చదవాలి.
మొదటిసారి చదువుతుంటే ఎవరూ వినరు.
రెండోసారికి కుర్చీలు చాలవు.
నడుమ పద్నాలుగు రోజులు ఎందుకు పెట్టారో ఆ పాతవాళ్లు,
కోపం రాజుకోడానికో, చల్లారడానికో,
నాకిప్పటికీ తేలలేదు.

జనానికి తలా మూడు నిమిషాలు.
గుడ్లు ఉడికించే గడియారం మా అమ్మది, దాంతోనే కొలుస్తాను.
వెర్నా లడ్‌లో ఒక రాత్రి మైకు ముందు నిలబడి
రెండు నిమిషాలు ఏమీ అనలేదు.
తర్వాత, "మా సందులో దీపం ఆరిపోయింది" అంది.
గడియారం మోగేదాకా అక్కడే నిలబడింది.
మినిట్స్‌లో రాశాను:
లడ్‌లో గారు, మూడు నిమిషాలు, వీధి దీపం.

సెప్టెంబరులో మూడో వార్డు జోసఫీన్ పోయింది.
మిగిలింది ఆరుగురు. కోరానికి లోటు లేదు,
కానీ ముగ్గురు అటు, ముగ్గురు ఇటు.
సరిసమానమైతే తీర్మానం వీగిపోయినట్టే.
వీగిపోయిన వాటిలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఒకటి.
నవంబరు మంచు మాత్రం ఎవరి ఓటూ అడగలేదు.

ఉప ఎన్నిక పెట్టాం.
ఎల్ఫెజ్ సీర్, రెండువందల పదకొండు.
ట్రూడీ బ్లాంచెట్, రెండువందల పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాం. మళ్లీ అంతే.
చార్టర్ తిరగేస్తే ఒకే ఒక్క వాక్యం:
గుమాస్తా చీటీ తీయవలెను.

సార్డీన్ల డబ్బా కడిగి తెచ్చారెవరో.
రెండు చీటీలు, ఒకే కాగితం, ఒకే మడత.
గదిలో ఎనభై మంది, ఒక్క దగ్గు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి.
మినిట్స్‌లో లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.
నేనుండేది మూడో వార్డులోనే.
పోలింగు రోజు తెల్లారకముందే పెట్టెలు మోశాను,
పెన్సిళ్లు చెక్కాను,
తప్పుడు గది కొచ్చిన ముసలాళ్లకి దారి చూపించాను.
రాత్రి ఎనిమిదికి తలుపులు మూసి సీలు వేశాక
చలికోటు జేబులో చెయ్యి పెడితే
నా ఓటరు స్లిప్పు తగిలింది,
వాడనిది.

డబ్బాలో చెయ్యి పెట్టాను.
అడుగున ఇంకా కాస్త నూనె.

ఎల్ఫెజ్ అని చదివాను,
ట్రూడీ అని చదవాల్సి వచ్చినా ఉండే గొంతుతోనే.
కుడిచెయ్యి ఎత్తమన్నాను.
ఎత్తాడు. అరచేతిలో వలతాడు కోసిన గాటు,
ఇంకా పూర్తిగా మానలేదు.
వెళ్లి ఏడో కుర్చీలో కూర్చున్నాడు.
అది కొంచెం ఊగుతుందని
చెప్పడం మరిచిపోయాను.

తర్వాతి అంశం ఉప్పు.